కికెరో అన్న ఇన్‌స్పెక్టర్

"నీకు లాటిన్ వచ్చా?" ట్యూరిన్‌లో ఓ కాఫీ బార్ కౌంటర్‌కి ఆనుకుని అడిగాడు కర్నల్ మాల్వెత్తి.

"బళ్ళో చదివాను సార్. దేవుడి దయవల్ల మర్చిపోయాను," అంది ఏజెంట్ ఒర్నెల్లా.

"గుర్తు తెచ్చుకో. రేపట్నించి ట్యూషన్ టీచరువి. రాకెట్ ఇంజనీరు బెర్గాస్కోని విదేశీ ముఠా ఎత్తుకుపోవాలని చూస్తోంది. ఆయన్ని భద్రమైన చోటికి తీసుకెళ్ళడానికి మనవాడు స్కూలు ఇన్‌స్పెక్టర్ వేషంలో వచ్చి కోడ్ వర్డ్ చెబుతాడు. 'చిచెరో', ఆ పాత రోమన్ వక్త పేరు. నువ్వు తలూపితేనే ఇంజనీరు కారెక్కుతాడు. ఆయన రెండో భార్య ఫుల్వియా మన మనిషే. ఆమెకి కోడ్ కాయితం మీద రాసి పంపాం." ఓ పెన్ను చేతిలో పెట్టాడు. "సిరాలో మత్తుమందు. చిమ్మితే ఏనుగైనా పడుకుంటుంది."

ఇంజనీరు ఇంట్లో వారం తిరక్కుండానే ఒర్నెల్లాకి అర్థమైంది, తను బోనులో పడిందని. కిటికీలకి ఊచలు. ఫోన్ మూగది. "పాఠం చెడకూడదు కదండీ," అని నవ్వి, సెంటు వాసన మాత్రం లోపల వదిలి, ఫుల్వియా బయటినుంచి తాళం వేసుకుపోయేది. గదిలో మిగిలేది ఒర్నెల్లా, ఇంజనీరు కూతురు పన్నెండేళ్ళ ఎర్సీలియా, ఇటుకంత లాటిన్ నిఘంటువు. విభక్తులు రాస్తూ పిల్ల ఒకటే ఆవులింతలు. లాటిన్ కదా, సహజమే అనుకుంది ఒర్నెల్లా.

ఆ మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. ఫుల్వియా, పక్కన ఇన్‌స్పెక్టరు, వెనకాల సూట్‌కేసుతో ఇంజనీరు.

"కికెరో," అన్నాడు ఇన్‌స్పెక్టరు గంభీరంగా.

ఇంజనీరు ఒర్నెల్లా మొహంలోకి చూశాడు. ఆమె తల సగం ఊగింది.

ఎర్సీలియా కిసుక్కున నవ్వింది. "కికెరో ఏంటి అంకుల్! మా బళ్ళో అలా అంటే నిలబెట్టేస్తారు. చిచెరో!"

తల అక్కడే ఆగిపోయింది. రెండింటికీ రాత ఒకటే, Cicero. కానీ ఇటలీ బళ్ళో కూర్చున్న ఏ ఇన్‌స్పెక్టరూ అలా పలకడు. ఫుల్వియా కాయితం అమ్మేసింది. కొన్నవాడు లాటిన్ సరిహద్దు అవతల నేర్చుకున్నాడు!

ఫుల్వియా బ్యాగులోంచి పిస్తోలు బయటికొచ్చింది. "తలూపండి, టీచరమ్మా."

ఒర్నెల్లా పెన్ను నొక్కింది. టక్ మంది. అంతే.

"అది అయిపోయింది టీచర్," ఆవులించింది ఎర్సీలియా. "నా పెన్ను కనబడక దాంతోనే రాశా."

ఒర్నెల్లా చేతిలోంచి నిఘంటువు గాల్లోకి లేచింది. పిస్తోలు పేలి సీలింగు పెచ్చు రాలింది, నిఘంటువు దెబ్బకి ఫుల్వియా కూలబడింది. ఇన్‌స్పెక్టరు నెత్తిన ఇంజనీరు సూట్‌కేసు దింపాడు.

కాసేపటికి అసలు ఇన్‌స్పెక్టరు, వెనకే కర్నలూ రొప్పుతూ వచ్చారు. "చిచెరో!"

"తెలుసండీ," అంది ఎర్సీలియా.

"ఇక సెలవు," ఒర్నెల్లా కోటు తీసుకుంది.

"అదెలా? జూన్‌లో పిల్లకి పరీక్షలు!" అన్నాడు ఇంజనీరు. ఒర్నెల్లా కర్నల్ వైపు చూసింది. ఆయన సీలింగు వైపు చూశాడు.

పాఠం చెడకూడదని, వెళుతూ ఇంజనీరే బయటినుంచి తాళం వేశాడు.