అందరికీ తెలిసిన కొత్త పాట

సముద్రం బీచ్ రోడ్డును మింగేసి ఇరవై ఏళ్లు దాటింది. అందుకే 2076లో విశాఖపట్నం జనం పనులకు పడవ బస్సుల్లో వెళుతున్నారు. ప్రతివారి చెవి వెనకా చింతగింజంత కర్ణపత్రం అతికి ఉంటుంది. ఫోను, రేడియో, డాక్టరు, దారి చెప్పేది అన్నీ అదే. అది పెట్టుకోకుండా గడప దాటినవాణ్ణి చొక్కా తొడుక్కోవడం మరిచినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఆ ఉదయం పడవ బస్సులో నలభై మందీ ఒకే పాటను కూనిరాగం తీస్తున్నారు. వాళ్ల మధ్య ముఖానికి చున్నీ చుట్టుకుని కూర్చున్న పరంజ్యోతికి మాత్రం చెమటలు పట్టాయి. ఆ పాట ఆమెదే. 'లంగరు' అనే రాక్ బ్యాండుకు ఆమె గాయని. తొమ్మిదేళ్లుగా ఖాళీ కుర్చీల ముందు గొంతు చించుకున్న ఆ బ్యాండుకు 'ఉప్పుతెర' మొదటి హిట్. విడుదలైన ఆరు వారాల్లో కోటి మంది నోళ్లలో నానుతోంది.

ఎదుటి సీట్లో మరమరాల మురీ మిక్చర్ అమ్మే బుట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలామె పక్కామెతో అంటోంది. "మాయమ్మ పాడీదమ్మా ఈ పాట. నన్ను ఉయ్యాల్లో ఏసి పాడీది."

పక్కామె ఒప్పుకోలేదు. తమ ఊళ్లో దాన్ని పెళ్లిళ్లలో పాడేవారట. ఇద్దరూ దిగేదాకా వాదించుకున్నారు. పరంజ్యోతి ఆ పాటను కట్టింది రెండేళ్ల క్రితం, అనకాపల్లి దగ్గర బ్యాండు వ్యాను టైరు పంక్చరైతే రోడ్డు పక్కన కూర్చుని.

ఇలాంటి మాటలు వినడం ఆమెకు కొత్త కాదు. మొదట్లో నవ్వుకుంది. తర్వాత భయం పట్టుకుంది. ఎందుకంటే పాటలో ఏం కలిపారో ఆమెకు తెలుసు.

కొత్త పాట మొదటిసారే నచ్చడం అరుదు. నాలుగైదుసార్లు చెవిన పడ్డాక, బాగానే ఉందే అనిపిస్తుంది. పాట మారదు, మెదడుకు పాతబడుతుంది, అంతే. ఎదురైనది కొత్తదా తెలిసినదా అని తేల్చడానికి మెదడు లోతున పెరిరైనల్ కార్టెక్స్ అనే చిన్న పొర ఉంది. దాన్ని సున్నితంగా తట్టే విద్యుత్ స్పందనను డాక్టర్ మందాకిని అనే నాడీశాస్త్రజ్ఞురాలు కనిపెట్టి, పరిచయ తరంగం అని పేరు పెట్టింది. పాట ఫైలులో దాన్ని కలిపితే కర్ణపత్రం చెవి వెనక నాడికి అందిస్తుంది. అప్పుడే విన్న పాట వందసార్లు విన్నట్టు అనిపిస్తుంది. ప్రయోగానికి ఒక పాట కావాలని ఆవిడ అడిగితే పరంజ్యోతి ఎగిరి గంతేసింది. వినేవాళ్లకు చెప్పాలా అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఆమె ఆ డాక్టరు దగ్గరికే పరుగెడుతోంది. కారణం ఆమె అన్నయ్య జోగారావు.

పరంజ్యోతికి రెండేళ్లప్పుడు తల్లి తుఫానులో పోయింది. ఇల్లూ, ఇంట్లోని ఫొటోలూ తల్లితోపాటే పోయాయి. అప్పటికి పదకొండేళ్లున్న జోగారావుకు అమ్మ పాడే పాట ఒకటి గుర్తుండేది. చెల్లెలు ఏడ్చినప్పుడల్లా పాడేవాడు. ప్రతిసారీ కాస్త వేరుగా ఉండేది కానీ, అన్నయ్యకు శ్రుతిజ్ఞానం లేదులే అని ఆమె సరిపెట్టుకునేది. నేర్పమంటే మాట దాటేసేవాడు. అలా ఆ పాట ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది, జోగారావు బుర్రలో.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ పాట పాడమని ఆమె అడగ్గానే, అతను పప్పన్నం కలుపుకుంటూ 'ఉప్పుతెర' పల్లవి ఎత్తుకున్నాడు. అది నేను కట్టిన పాట కదా అంటే వింతగా చూశాడు. "అమ్మ పాటేగా జ్యోతీ. నువ్వు గిటార్లు తగిలించావు, అంతే" అన్నాడు. ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. హిట్ కోసం తన చేతులతో తనే అమ్మ పాటను చెరిపేసింది.

మందాకిని అంతా విని ముఖం గంభీరంగా పెట్టింది. తరంగం ఇచ్చేది తెలిసిందన్న భావన మాత్రమేననీ, ఎందుకు తెలుసో చెప్పడానికి మనసే జ్ఞాపకాలు అల్లుకుంటున్నట్టుందనీ వివరించింది. అయినా కంగారు పడొద్దంది. ప్రతితరంగం ఉంది. జోగారావుకు రోజూ రెండు నిమిషాలు వినిపిస్తే వారంలో ఆ అల్లిక విడిపోతుంది. దాన్ని సరిపోల్చుకోవడానికి ఆవిడ విడుదలైన ఫైలు తెరిచింది. తెర వైపు చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇందులో తరంగం లేదమ్మా" అంది. "పాట తప్ప ఇంకేమీ లేదు."

ఫైలును జనంలోకి పంపింది డ్రమ్మర్ నూకరాజు. కబురందిన అరగంటలో వచ్చి, డ్రమ్ము పుల్లలు చేతిలో తిప్పుతూ తలుపు దగ్గరే నిలబడ్డాడు. లంగరు బ్యాండుకు ఒక ఆచారం ఉంది. నిమ్మకాయ కోసి మొదలుపెట్టిన మొదటి రికార్డింగును బోణీ టేక్ అంటారు. తప్పులున్నా సరే దాన్ని ఎవరూ సవరించరు, దానికి ఏమీ కలపరు.

"బోణీ మీద సెయ్యెయ్యకూడదు గదా పరంజోతీ. తొమ్మిదేళ్లలో ఒక్కసారన్నా ఏసేమా? డాక్టరమ్మ ఇచ్చిన ఫైలు పక్కనెట్టి మన బోణీయే ఎక్కించేసేను."

తర్వాత పాట దుమ్ము రేపేసరికి, అంతా తరంగం మహిమే అని వాళ్లిద్దరూ మురిసిపోతుంటే తనకు నోరు పెగల్లేదన్నాడు.

పరంజ్యోతి తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయింది. కానీ మందాకిని ఫైలు మూసి, ఇది ఇంకా పెద్ద చిక్కు అంది. ఎవరో ఒకరు గొప్పకు మా అమ్మ పాడేదని అని ఉంటారనీ, తామెందుకు వెనకబడాలని ఇంకొకరు అని ఉంటారనీ, అన్నవాళ్లందరూ చివరికి తాము అన్నదాన్నే నమ్మారనీ ఆవిడ మెల్లగా చెప్పింది. మొన్న తనకే తాతగారు ఈ పాట పాడినట్టు గుర్తొచ్చిందట. తరంగం తనకూ సోకిందేమో అనుకుందట.

"నేను పెట్టింది అయితే తీసేయగలను. ఇది నేను పెట్టలేదు. దీనికి ప్రతితరంగం నా దగ్గర లేదు."

ఆ సాయంత్రం పరంజ్యోతికి ఒక ఇంటర్వ్యూ ఉంది, అందులో నిజం చెప్పేయమని ఆవిడ బతిమాలింది. పాట కట్టినదానివి నువ్వే గనక నీ మాట కొందరైనా నమ్ముతారు, ఇప్పుడు ఆపకపోతే రేపు ఎవరికి ఏది నిజంగా జరిగిందో చెప్పేవాళ్లుండరు అంది. పరంజ్యోతి మాటిచ్చింది.

అక్కడినుంచి నేరుగా ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటుకు వెళ్లింది. జోగారావు అక్కడ పంపులు చూస్తాడు. నీ బుర్రలో ఎవరూ ఏమీ పెట్టలేదు, పాత పాట నీలోనే ఉంది, ఒక్కసారి గుర్తు తెచ్చుకో అన్నయ్యా అని అడిగింది. అతను పంపు ఆపి, చేతులు తుడుచుకుని, ఆమె పక్కన కూర్చున్నాడు.

"అదెప్పుడో పోయింది జ్యోతీ. నీకు ఐదేళ్లు రాకముందే మర్చిపోయాను. నువ్వు ఏడుస్తుంటే ఏదో ఒకటి పాడేవాణ్ణి."

ఆమె లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అందరూ మా అమ్మ పాట, మా అమ్మ పాట అంటుంటే ఇది మన అమ్మదైతే ఎంత బాగుణ్ణో అనిపించింది. నాలుగు రోజులకు అమ్మ గొంతే వినబడింది. ముప్ఫై ఏళ్ల తర్వాత వినబడిందే! దీన్ని కూడా తీసెయ్యకు తల్లీ."

పరంజ్యోతికి అన్నయ్య మీద కోపం రాలేదు. దుఃఖం వచ్చింది, దాని వెనకే ఉదయం నుంచీ ఉన్న భయం రెట్టింపై వచ్చింది. యంత్రమైతే స్విచ్చు ఉండేది.

సాయంత్రం స్టూడియోలో మూడు వందల మంది కూర్చున్నారు. ముందు వరసలో జోగారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు, చివరన మందాకిని ఉంది. ఈ పాట మీకెక్కడ దొరికిందని యాంకరు అడిగాడు. పరంజ్యోతి నిజం చెప్పడానికే నోరు తెరిచింది. అన్నయ్య ముఖం చూసింది.

"మా అమ్మ పాడేదండీ" అంది.

హాలంతా చప్పట్లు. మందాకిని లేచి వెళ్లిపోయింది. ఒక్క అబద్ధం, అన్నయ్య కోసం, అంతే అనుకుంది పరంజ్యోతి. అలా అనుకుంటుండగానే కళ్ల ముందు ఒక స్త్రీ మెదిలింది. తడి జుట్టు, ముక్కుకు బేసరి, చేతులకు ఎర్ర గాజులు. వాకిట్లో కూర్చుని పసిపిల్లను కాళ్ల మీద వేసుకుని ఊపుతూ 'ఉప్పుతెర' పాడుతోంది. ఆ ముఖం ఎలా ఉంటుందో పరంజ్యోతికి ఎన్నడూ తెలియదు. అయినా అమ్మేనని తెలిసిపోయింది. భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్లంతా వెచ్చగా, హాయిగా ఉంది.

అమ్మగారి గురించి ఇంకేమైనా గుర్తున్నాయా అని యాంకరు అడిగాడు. చాలా ఉన్నాయండీ అని పరంజ్యోతి కుర్చీలో ముందుకు జరిగి, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.