చేయెత్తే ముందు

ఆ ఉదయం చిన్నోడు పాలు కాచుకుని, గ్లాసు నిండే చప్పుడు వింటూ పోసుకుంటున్నాడు. చుక్క ఒలకలేదు. అయినా తల్లి ఊపిరి బిగబట్టి పక్కనే నిలబడింది. బడికెళ్ళే వయసులో మసకబారడం మొదలైన వాడి చూపుకు ఇప్పుడు వెలుగునీడలే మిగిలాయి. అది తల్లి నుంచి కొడుకులకు సంక్రమించే జబ్బని డాక్టరు చెప్పిననాటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

స్కూలు బస్సు నడిపే ఆమెకు కొన్నాళ్ళ కిందట ప్రభుత్వం నుంచి పిలుపొచ్చింది. అలాంటి జబ్బులను పిండంలోనే, జన్యువును సరిచేసి ఆపొచ్చట. అందుకు అనుమతి ఇవ్వాలా వద్దా అని సామాన్యులను అడగాలనుకున్నారు. చీటీలు తీస్తే ఆమె పేరూ వచ్చింది. శాస్త్రవేత్తలు పాఠాలు చెప్పారు, లాయర్లు వాదించారు. ఈరోజు చేతులెత్తి తేల్చాలి. కొడుకుతో మాత్రం డ్రైవర్ల శిక్షణ అని చెప్పి వెళ్తోంది. వాడి మనసెందుకు కష్టపెట్టడం, అనుమతికి చేయెత్తేసి వచ్చెయ్యమన్నాడు భర్త.

ఇంతలో ఫోను మోగింది. చిన్నోడే తీశాడు. అవతలి మాట మొత్తం విని, సరేనండీ అని పెట్టేశాడు.

"నిన్ను కాస్త ముందే రమ్మంటున్నారమ్మా. తల్లి నుంచి కొడుకులకొచ్చే గుడ్డితనాన్ని పిండంలోనే ఆపడం మీద ఓటింగట."

భర్త ఏదో సర్దిచెప్పబోతే వాడు వినలేదు.

"నువ్వుండు నాన్నా. అమ్మా, ఏమని చేయెత్తుతావు?"

"ఇంకే తల్లీ నాలా కుమిలిపోకూడదనిరా."

"నా గురించి ఊరందరితో మాట్లాడావు. నాతో తప్ప."

"నువ్వు బాధపడతావని..."

"నేను పుట్టకపోతే బాగుండేదని నీకుందేమోనని, బాధ ఇప్పుడు పడుతున్నాను."

ఆమె కుర్చీలో కూలబడింది. కాదని ఒట్టేసి చెప్పబోయి ఆగింది. ఇన్నేళ్ళూ వాడి చీకటిని తన తప్పుగానే మోసింది తప్ప, ఆ చీకటిలో వాడెలా బతుకుతున్నాడో అడిగిన పాపాన పోలేదు. లేచి, చెప్పులేసుకో, నువ్వూ రావాలి అంది.

సమావేశంలో చేతులెత్తమన్నప్పుడు ఆమె లేచి నిలబడింది. ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్ళలో ఒక్కరినైనా మనం పిలిచామా అని అడిగింది. అధ్యక్షుడు చర్చకు గడువు ముగిసిందన్నాడు. కొందరు విసుక్కున్నారు.

"మా అబ్బాయి బయట బెంచీ మీద కూర్చున్నాడండీ. వాడి మాట వినకుండా నా చెయ్యి పైకి లేవదు."

వెనక వరసలోంచి ఒక ముసలాయన ఆమె చెప్పింది నిజమేనన్నాడు. ఇంకొకరూ బలపరిచారు. చాలా తర్జనభర్జనలయ్యాక ఓటింగు వాయిదా పడింది. ముందు ఆ జబ్బున్నవాళ్ళ మాట వినాలని తీర్మానించారు.

బయటికొచ్చి కొడుకు పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. ఆ తర్వాత భయపడుతూనే అడిగింది.

"నువ్వయితే ఏమంటావురా?"

వాడు ఆమె గొంతు వినబడ్డ వైపు తిరిగాడు.

"ఇంకా తేలలేదమ్మా. చూపు కావాలనే ఉంది. కానీ నేను వద్దనిపించుకోవాలని లేదు."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. వాడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"చెప్పు నాన్నా. మొదటి నుంచీ చెప్పు," అంది.