పద్నాలుగు అంగుళాల జింక

ఎమ్మెట్ క్రౌస్ తన కంచె బాగు చేసుకుంటూ తుపాకీ గుండు తగిలి చనిపోయిన మూడో రోజున, లవాన్ బెక్‌స్టెడ్ డిటెక్టివ్ వెర్నా టాలెఫ్‌సన్ ఆఫీసుకు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆమె భర్త డెల్ జైల్లో ఉన్నాడు. జింకను కొట్టబోతే గుండు దాని మీదుగా పోయిందని మొత్తుకుంటున్నాడు. నీళ్ళ వాటా దగ్గర ఎమ్మెట్‌కూ అతనికీ పడదని ఊరంతటికీ తెలుసు కాబట్టి షెరీఫ్ నమ్మడం లేదు.

"మా ఆయన గురి తప్పే మనిషి కాదమ్మా. అదే ఇప్పుడు మా కొంప ముంచింది," అంది లవాన్. "పైగా ఈ ఏడే తుపాకీకి దూరం కొలిచే దుర్భిణి బిగించుకున్నాడు."

ఆ మాట వినగానే వెర్నా అసిస్టెంటు ఆరిన్ రాస్తున్న పెన్ను ఆపేశాడు. వెర్నా దగ్గర చేరకముందు అతను ఆ ఊరి తుపాకుల కొట్లో పనిచేశాడు.

లవాన్ ఇంటి నుంచి దుర్భిణి పెట్టె తెమ్మని వెర్నా అతన్నే పంపింది. లోపల మడతపెట్టి ఉన్న కాగితాన్ని ఆరిన్ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెర్నా అంటే అతనికి ఎంత గౌరవమో, ఆవిడ దగ్గర పలచనవడమంటే అంత భయం.

"వివరాల కాగితం లేదే," అంది వెర్నా మామూలుగా. మూత మీదున్న దుప్పి బొమ్మను మాత్రం చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున అందరినీ క్రౌస్ కంచె దగ్గరకు రప్పించింది. షెరీఫ్, బేడీలతో డెల్, లవాన్, ఎమ్మెట్ భార్య హెడ్డా వచ్చారు. జింక ఆకారంలో కోసిన అట్టను సరిగ్గా మూడు వందల గజాల దూరంలో నిలబెట్టి, డెల్ తుపాకీతో దూరం కొలవమని షెరీఫ్‌ను అడిగింది.

ఆ దుర్భిణిలో రెండు అడ్డగీతలుంటాయి. జంతువు వీపు ఒకదానికీ పొట్ట ఇంకోదానికీ ఆనేదాకా చక్రం తిప్పితే దూరం తేలుతుంది, గురి కూడా ఆ దూరానికి సరిపోతుంది.

"మూడు వందల ఎనభై పైచిలుకు," అన్నాడు షెరీఫ్. "దూరం అడుగులతో కొలుస్తూ నిద్రపోయావా తల్లీ?"

"ఆ దుర్భిణి వీపు నుంచి పొట్టకు పద్దెనిమిది అంగుళాలుండే దుప్పి కోసం చేసింది. మన జింక పద్నాలుగు దాటదు. చిన్నగా కనబడితే దూరంగా ఉందని లెక్కేస్తుంది, గుండు వీపు మీదుగా పోతుంది. వెనక పొదల్లో ఎమ్మెట్ వంగి ఉన్నాడు."

"గుండు మీదుగా పోతుందని తెలిసే కాల్చాడేమో?" అన్నాడు షెరీఫ్.

"దానికి జవాబు దుర్భిణి పెట్టెలో ఉండాల్సిన కాగితంలో ఉండాలి," అంది వెర్నా. ఆరిన్ వైపు చూడలేదు.

డెల్ మాత్రం తలెత్తి అతన్నే చూశాడు. ఆరిన్‌కు సిగ్గుతో తల తీసేసినట్టయింది. జేబులోంచి కాగితం తీసి షెరీఫ్ చేతిలో పెట్టాడు. దాని అడుగున పెన్సిలుతో, 'జింకలకూ ఇదే చాలు' అని ఆరిన్ చేతిరాత ఉంది.

"జింకలకు వేరే రకం ఉంది. తెప్పించాలంటే నెల పడుతుంది. బేరం పోతుందని ఇదే అంటగట్టాను. డెల్ రెండుసార్లు అడిగాడు, రాసి మరీ ఇచ్చాను."

షెరీఫ్ బేడీలు తీస్తుంటే లవాన్ ఏడ్చేసింది.

హెడ్డా ఆరిన్ ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ నెల ఆగి ఉంటే ఏమయ్యేదయ్యా?"

"వేట రోజులు అయిపోయేవమ్మా," అన్నాడు ఆరిన్. "అంతే."