అక్క మౌనంగా ఉన్న పది నిమిషాలు

"ఒరేయ్, తలుపు తియ్యరా! నా బంగారు తండ్రివి కదూ... ఈ తల్లి ప్రాణం తోడెయ్యకురా!"

తల్లి తలుపు మీద దబదబా బాదుతూ ఏడుస్తోంది. మిషను మీద సగం కుట్టిన గౌను అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది అక్క. తమ్ముడు బస్సు డ్రైవరు. తాగుడు పుణ్యమా అని ఏడాదిగా ఉద్యోగానికి దూరమయ్యాడు. చికిత్స చేయించుకుని నాలుగు నెలలుగా చుక్క ముట్టలేదు. రేపు పొద్దున మళ్ళీ స్టీరింగు పట్టుకోవాలి. అలాంటిది ఈ మధ్యాహ్నం కాగితంలో చుట్టిన సీసాతో గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు! అది గొంతులో పడిందా, రేపటి ఉద్యోగం గోవిందా...

ఇదివరకైతే అక్క గంటసేపు ఉపన్యాసం దంచేసేది. ఆ నోరు అలాంటిది మరి! కానీ ఈమధ్య, తమ్ముడికి తాగుడు మాన్పించిన కేంద్రంలోనే, ఇలాంటివాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పే కౌన్సెలింగ్ తరగతుల్లో చేరింది. నేర్పేది రిటైరైన నర్సమ్మ. ఒక్క ప్రశ్న అడుగు, తర్వాత నోరు మూసుకో, అడగందే సలహా ఇవ్వకు... ఇంతే పాఠం. వినడానికి ఎంత తేలిక! అయినా అక్క పరీక్షలో రెండుసార్లు తప్పింది. తాగుబోతుగా నటించిన తోటి విద్యార్థికి ఏడు నిమిషాల్లో మూడు ఉద్యోగాలు, ఒక పెళ్ళి సంబంధం చూసిపెట్టింది! "వాళ్ళ బతుకు కూడా నువ్వే బతికేస్తావేంటమ్మా!" అని నర్సమ్మ తల పట్టుకుంది.

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో" అని అక్క గది ముందు చతికిలబడింది. "తమ్ముడూ, నేనురా. ఏమైందో చెప్తావా?"

ఎన్ని మాటలు గొంతుదాకా తన్నుకొచ్చాయో ఆమెకే తెలుసు! 'అమ్మ మొహం చూడరా, సిగ్గు లేదూ...' అన్నీ మింగేసింది. "ఏదో ఒకటి అనవే!" అని తల్లి సైగలు చేస్తుంటే, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి.

ధడాలున తలుపు తెరుచుకుంది!

"అక్కా! ఏమైందే నీకు?" తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "పది నిమిషాలుగా నీ గొంతు వినపడకపోయేసరికి... కళ్ళు తిరిగి పడిపోయావనుకున్నానే!"

అంత ఏడుపులోనూ తల్లికి ఫక్కున నవ్వొచ్చింది. వాడి చేతిలో సీసా ఉంది. మూత తియ్యలేదు!

"భయంగా ఉందక్కా..." అంటూ కూలబడ్డాడు.

"భయంగా ఉందా?" అంది అక్క. అంతే!

"డిపోలో అందరూ నా నోటి వాసన చూస్తారే... చెయ్యి వణికిందా, వీడు మళ్ళీ తాగాడంటారు. అసలు నన్ను నేనే నమ్మలేకపోతున్నాను..." వాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే, 'ఎవడ్రా నిన్ననేది!' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది.

"మరి ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

వాడు సీసా ఆమె చేతికిచ్చాడు. "నువ్వే పారబొయ్యి. వాసన కూడా తగలకూడదు, నేను వీధిలో ఉంటాను." గుమ్మం దగ్గర ఆగాడు. "ఇన్నేళ్ళలో నా మాట చివరిదాకా విన్నది ఇవాళేనే నువ్వు."

"ఇన్నాళ్ళూ నీ మాటని మధ్యలో తెంపింది నేనేనట్రా! క్షమించరా నాన్నా..." అని అక్క బావురుమంది.

"సరేలే, రేపు నాతో బస్సెక్కు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు ముందు సీట్లో టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంది. మొదటి మలుపులో వాడు స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. మూడో స్టాపు దగ్గర ఆయాసపడుతూ వస్తున్న ముసలమ్మతో, "నిదానంగా ఎక్కమ్మా, నిన్నొదిలేసి ఎక్కడికి పోతాను!" అని నవ్వాడు. అయిదో స్టాపులో వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ దిగిపో అక్కా."

"ఇంకా సగం దారి ఉంది కదరా!"

"ఉంది. నేను వెళ్తాలే."

అక్క దిగింది. బస్సు సాఫీగా సాగిపోయి మలుపు తిరిగింది. కళ్ళనీళ్ళు జలజలా రాలుతుంటే, స్టాపులో ఉన్న ముక్కూమొహం తెలియని ఒకావిడ చేతిని అక్క గట్టిగా పట్టేసుకుంది. "చూశారా! ఆ బస్సు నడిపేది మా తమ్ముడేనండీ!"