ఊరు తప్పిన నాణెం

ఆరు రోజులు తెల్లారకముందే లేచి చక్కెర దుంపల లారీ తోలినవాడు ఏడో రోజు ఏం చేయాలి? ముసుగుతన్ని పడుకోవాలి. రస్సెల్ మాత్రం ఆ ఆదివారం కూడా ఇంగ్లండులోని నార్‌ఫోక్ బురదచేలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నేల్లో లోహం ఉంటే మోగే డిటెక్టర్ ఊపుతూ తిరుగుతున్నాడు. హెడ్‌ఫోన్లలో ఏం మోగుతోందో అతనికి పట్టడం లేదు. చూపంతా బ్రయోనీ మీదే ఉంది.

బ్రయోనీ వృద్ధాశ్రమంలో నర్సు. శనివారం రాత్రి డ్యూటీ దిగి తిన్నగా చేలోకే వస్తుంది. ఆ అలసటతో దూరం నడవలేక, గేటు దగ్గర మొదలుపెట్టి కంచె వెంట ఓ వంద అడుగులు వేసి ఆగిపోతుంది. ఇలా పాత వస్తువులు వెతికేవాళ్ల క్లబ్బులో చేరిన రెండేళ్లలో ఆమెకు దొరికినవల్లా కూల్‌డ్రింకు డబ్బాల ముక్కలు, రెండు గుండీలు, ఒక విరిగిన చెంచా.

"ఈ నెలాఖరుకి ఈ డిటెక్టర్‌ని అమ్మేస్తా రస్. ఆదివారాలు హాయిగా పడుకుంటా," అంది పోయిన వారం. ఆ మాట విన్న దగ్గర్నుంచి రస్సెల్‌కి తిండి సయించలేదు.

అందుకే నిన్న సాయంత్రం ఎవరూ లేకుండా చూసి వచ్చాడు. కంచె పక్కన, బెత్తెడు లోతున, ఒక రోమన్ నాణెం పాతిపెట్టి పోయాడు. ఆన్‌లైన్‌లో మట్టి కూడా వదలగొట్టకుండా సంచుల్లో పోసి అమ్మే పాత నాణేలుంటాయి. వాటిలోంచి కాస్త బొమ్మ కనిపించేది ఏరాడు. రోమన్లు ఈ దేశాన్నీ ఏలారు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు మహానుభావుడు.

"రస్! ఒరే రస్! ఇటు రా!"

బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది బ్రయోనీ. జుట్టంతా తడి, ముక్కు మీద మట్టి.

"బంగారమా?" అన్నాడు, చేతనైనంత అమాయకంగా.

"నీ మొహం. రాగి. కానీ చూడు, తల ఉంది! నిజం తల! అచ్చం నీలాగే ఉన్నాడు. ముక్కు పొడుగు, బుర్ర చిన్నది."

అని నవ్వింది. రెండేళ్లలో ఆ నవ్వు అతను చూడలేదు. మట్టి చేతులతోనే అతన్ని గట్టిగా కౌగిలించుకుని, సిగ్గుపడి వదిలేసింది. ఆ క్షణంలో రస్సెల్‌కి తాను చేసింది గొప్ప పుణ్యకార్యం అనిపించింది.

క్లబ్బు పెద్ద గూడరమ్ గారు భూతద్దం పెట్టి చూశారు. ఒకపక్క కుర్ర రాజు. రెండోపక్క ఎద్దుకీ సింహానికీ మధ్య నిలబడ్డ ఆడమనిషి. "ముప్పై ఏళ్లుగా తవ్వుతున్నాను, ఇలాంటిది చూడలేదు. మ్యూజియానికి పట్టుకెళ్లమ్మా," అన్నారాయన.

ఇంత చిన్నదానికి మ్యూజియం ఎందుకులెండి అని రస్సెల్ అనేలోపే బ్రయోనీ సరేనంది.

మంగళవారం అతనే వ్యానులో తీసుకెళ్లాడు. మ్యూజియంలో, జనానికి నేల్లో దొరికిన పాత వస్తువులు నమోదు చేసే మిస్ థర్టిల్ బల్ల మీద సంచులు గడ్డం దాకా పేరుకుపోయి ఉన్నాయి. ఆవిడ నాణేన్ని తూచింది, కొలిచింది, దీపం వాలుగా పెట్టి చూసింది, లావుపాటి పుస్తకం తిరగేసింది. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంది.

"ఇది డాన్యూబ్ నది పక్క ఒక ఊళ్లో అచ్చువేసిన నాణెం. ఆ చుట్టుపక్కలే చెల్లింది. ఇంత దూరం వచ్చే రకం కాదు."

"అంటే, చాలా అరుదైనదా అండీ?" బ్రయోనీ ముందుకు వంగింది.

"ఇక్కడైతే అరుదే. అక్కడైతే సంచులకొద్దీ తవ్వి అమ్ముతారు. ఈ ఏడాది నా బల్ల మీదికి వచ్చిన అలాంటి వాటిలో ఇది నాలుగోది." ఆవిడ గొంతులో కోపం లేదు, విసుగు ఉంది. "నిజం చెప్పమ్మాయ్. దీన్ని నేల్లోంచే తీశావా?"

బ్రయోనీ మొహం కందగడ్డ అయిపోయింది. "నా చేత్తో తవ్వానండీ! ఇతను చూశాడు. చెప్పు రస్!"

"తవ్విందండీ," అన్నాడు రస్సెల్. ఆ మాట నిజమే. అంతకుమించి నాలుక కదిలితే ఒట్టు.

"సరే. కానీ నేను దీన్ని నమోదు చేయలేను. మీ క్లబ్బుకి ఉత్తరం రాయక తప్పదు. నాణేలు తెచ్చి పాతి, దొరికాయని చెప్పుకునేవాళ్లని ఎవరూ ఉంచుకోరు మరి."

బయట వాన. వ్యాను అద్దం మీద వైపర్లు కొట్టుకుంటున్నాయి.

"నన్ను మోసగత్తె అనుకుంది రస్," అంది బ్రయోనీ కిటికీ వైపు తిరిగి. "రాత్రంతా ముసలాళ్ల పక్కలు మార్చి, వాళ్ల చేత తిట్లు తిని వస్తాను. నాకంటూ దొరికింది ఇదొక్కటే. అదీ నాది కాదట."

రస్సెల్ వ్యాను పక్కకి ఆపాడు. "అది నేనే పాతాను."

ఆమె తిరిగి చూసింది. ఆ చూపుకి తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది అతనికి.

"ఎందుకు?"

"నువ్వు మానేస్తానన్నావు."

"అందుకని నన్ను వెర్రిదాన్ని చేస్తావా? సర్లే, చేశావు. అక్కడ ఆవిడ అడిగినప్పుడు నోరెందుకు మెదపలేదు?"

"భయమేసింది."

"నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు రస్," అని తలుపు తీసుకుని, బస్‌స్టాపు దాకా వానలోనే నడిచి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఊరి హాల్లో క్లబ్బు సమావేశం. ఇరవై మంది, టీ, బిస్కట్లు. బ్రయోనీ ఆఖరి వరసలో, నర్సు బట్టల మీద కోటు వేసుకుని కూర్చుంది. గూడరమ్ గారు మ్యూజియం ఉత్తరం చదవడం మొదలుపెట్టి ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి రస్సెల్ లేచి నిలబడ్డాడు. ఆ క్లబ్బులో అతను ఇంతవరకూ 'ఊఁ' కన్నా పెద్ద మాట మాట్లాడి ఎరగడు.

"ఆ నాణెం నేను పాతాను. ఆమెకి తెలీదు. తప్పంతా నాది."

హాలంతా గుసగుసలు. "ఎందుకయ్యా పాతడం? పని లేకా?" అని అడిగారు ముందు వరసలోంచి ఎవరో.

రస్సెల్ చేతిలో రాసుకున్న కాగితం ఉంది. దాన్ని విప్పకుండానే జేబులో కుక్కేశాడు.

"ఆమె రావడం మానేస్తే నాకిక ఆదివారమే ఉండదు. ఏడూ లారీ రోజులే. ఆమె అంటే నాకు ఇష్టం. రెండేళ్లుగా ఇష్టం. అది ఆమెకి చెప్పడం కన్నా నాణెం పాతడం తేలికనిపించింది. మ్యూజియంలో కూడా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

ఎవరో కిసుక్కుమన్నారు. గూడరమ్ గారు దగ్గి, "బ్రయోనీ తప్పేం లేదు. మ్యూజియానికి నేనే రాస్తాను. నువ్వు మాత్రం మూడు నెలలు ఏ చేలోనూ కనిపించకు అబ్బాయ్," అన్నారు.

రస్సెల్ బయటికి వచ్చేసరికి బ్రయోనీ అతని వ్యానుకి ఆనుకుని నిలబడి ఉంది.

"నాకు కోపం పోలేదు," అంది.

"తెలుసు."

"పోవడానికి టైం పడుతుంది."

"పట్టనీ."

"అంతమంది ముందు చెప్పావు చూడు, కాస్త తగ్గింది." ఆవులింత ఆపుకుంది. "మూర్ఖుడా, రాత్రంతా మేలుకుని కూడా నిద్ర మానుకుని ఆ బురదలోకి ఎందుకొచ్చేదాన్ననుకున్నావు? రాగి ముక్కల కోసమా? రెండేళ్లు చూసి, నువ్విక నోరు విప్పవనే మానేస్తానన్నా."

రస్సెల్ ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఈసారి భయమేయలేదు.

"మరి... ఈ ఆదివారం?" అన్నాడు.

"పడుకుంటాను. రెండింటికి లేస్తాను. అప్పుడు వచ్చి తలుపు కొట్టు."

"ఏమైనా తీసుకురానా?"

"వద్దు రస్," అంది బ్రయోనీ. "ఖాళీ చేతులతో రా."