జావ బాగుందన్న పెట్టె

“చాలా బాగుంది మాణిక్యం, ఇంకొంచెం పెట్టు” అంటోంది పెట్టె. మంచం మీదున్న వీర్రాజు గారి ఎడం చెయ్యి మాత్రం జావ గిన్నెని పక్కకి నెడుతోంది.

పెట్టె ఎలా పనిచేస్తోందో చూడ్డానికొచ్చిన సర్వీస్ ఇంజనీరు లోహితకి మొదటిసారి అనుమానం వచ్చింది సరిగ్గా అప్పుడే. ఆ చేతికి పెద్ద బలం లేదు. ఏదో వేళ్లు కదులుతాయి, అంతే. గిన్నె కదిలీ కదలనట్టు కదిలింది. ఆయన భార్య మాణిక్యం గారు అది చూడనే లేదు. ఆవిడ పెట్టె వైపు తిరిగి, మొహమంతా నవ్వు చేసుకుని వింటోంది. విన్నావా అమ్మాయీ, ఇంకొంచెం పెట్టమంటున్నారు అని మరో చెంచా నోటికి అందించింది. ఆయన మింగాడు. మింగక ఏం చేస్తాడు?

పెట్టె సంగతి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. పక్షవాతంతో నోరు పడిపోయినా, మనిషి మాట్లాడాలనుకున్నప్పుడల్లా గొంతు నరాల్లో సన్నటి వణుకు పుడుతుంది. మెడకి కట్టిన పట్టీలో సెన్సర్లు ఆ వణుకుని పట్టుకుంటాయి. తలగడ పక్కన పెట్టె దాన్ని మాటగా మార్చి స్పీకర్లో వినిపిస్తుంది. కాకినాడలో ఇప్పుడు ఇలాంటివి చాలా ఇళ్లలో ఉన్నాయి. అయితే ఒకరి నరం పలికినట్టు ఇంకొకరిది పలకదు. కొత్త పెట్టె పసిపిల్లతో సమానం. ఈ వణుకంటే నీళ్లు, ఆ వణుకంటే ఫ్యాను ఆపమని, పక్కన కూర్చుని ఎవరో ఒకరు దానికి నేర్పుకోవాలి. మాణిక్యం గారు రెండేళ్లు కూర్చుని నేర్పింది. తప్పు పలికినప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకుని, ఇదా, అదా అని అడిగేది. ఆయన నొక్కితే అవునన్నట్టు.

అలా నేర్చుకున్న పెట్టె ఆయన నోటిని ఆయనకి తెచ్చిచ్చింది. అదేం మామూలు నోరు కాదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన నోరు. “ఇది జావా, గోడకి కొట్టే సున్నమా?” అనేవాడు. లోహిత మొదటిసారి సర్వీసుకి వెళ్లినప్పుడు ఆవిడ మిలిటరీలో పనిచేసొచ్చిందని విని, “విమానాలన్నీ అయిపోయి నా గొంతు మీద పడ్డావేంటమ్మా?” అన్నాడు. మాణిక్యం గారు తలకొట్టుకుంది. లోహిత మాత్రం పకపకా నవ్వింది. ఉద్యోగంలో చేరాక ఆ పిల్ల అలా నవ్వడం అదే మొదలు.

నిజానికి లోహిత విమానాలు వదిలెయ్యలేదు, అవే ఆవిడని వదిలేశాయి. పలాసలో ఇంటర్ కాగానే వైమానిక దళంలో చేరింది. నాలుగేళ్లు ఈశాన్యంలో ఒక ఎయిర్‌బేస్‌లో ఏవియానిక్స్ పని. అంటే యుద్ధవిమానానికి కళ్లూ చెవులూ లాంటి రాడార్లూ రేడియోలూ కంప్యూటర్లూ చూసుకోవడం. పని చేస్తూనే డిగ్రీ కూడా పూర్తిచేసింది. గడువు అయిపోయాక ఒక మెడల్, ఒక సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపించేశారు. బయటికొస్తే ఆ సర్టిఫికెట్టు ఎవరికీ అర్థం కాలేదు. ఇంటర్వ్యూలో ఒకాయన ఎక్స్‌పీరియన్స్ ఏమిటని అడిగాడు. యుద్ధవిమానాల రాడార్లు బాగుచేశానండీ అంది. అది సరేనమ్మా, అసలు పని ఏమన్నా చేశావా అన్నాడు. అలా ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగాక ఈ పెట్టెల కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా తీసుకున్నారు. ఇంకా ప్రొబేషన్లోనే ఉంది.

అక్కడికీ ఇక్కడికీ ఒకటే తేడా అని ఆవిడకి మొదటి వారంలోనే తెలిసింది. అక్కడ ఒకళ్లు చేసిన పని ఇంకొకళ్లు చూసిగానీ విమానం కదలదు. కొత్తలో ఒకసారి ఈ పిల్ల చేతిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ బిట్టు ఎక్కడో జారిపోయింది. నా బిట్టు పోయిందని చెయ్యెత్తింది. అది ఏ ఇంజన్లో పడినా ప్రమాదమని విమానాలన్నీ ఆపేసి, అందరూ నేల మీద పాకుతూ వెతికారు. దొరికాక తిడతారనుకుంటే, వారంట్ ఆఫీసరు టీ ఇప్పించాడు. బిట్టు అందరూ పోగొడతారు, నోరు విప్పేది కొందరే అన్నాడు. ఇక్కడ చూస్తే బ్యాగు భుజాన వేసుకుని ఒక్కతే వెళ్లాలి, ఒక్కతే విప్పాలి, ఒక్కతే బిగించాలి.

జావ గిన్నె కదిలిన రోజుకి వారం ముందు, వీర్రాజు గారి పాత పెట్టె వేడెక్కి గరగరమంటోందని ఫోనొచ్చింది. లోహిత వెళ్లి చూసింది. అలవాటైన పనే. పాడైన పెట్టె పీకు, మంచిది పెట్టు, టెస్టు నొక్కు, పచ్చలైటు చూడు. ఐపోయింది. పాతది బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి తెచ్చేసింది.

గిన్నె కదలడం చూశాక, ఆ రోజు తన చేతులు ఏం చేశాయో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. ఒకచోట ఆగిపోయింది.

ఎయిర్‌బేస్‌లో ఒక నియమం ఉంది. ఏ పెట్టె అయినా రిపేరుకని గేటు దాటేముందు దాని మెమొరీ చెరిపెయ్యాలి. దార్లో ఎవరి చేతిలోనైనా పడితే మన రహస్యాలు పోతాయి కదా. రెండు మీటలు ఒక్కసారే నొక్కిపట్టడమే. నాలుగేళ్లు నొక్కీ నొక్కీ ఆ బొటనవేళ్లకి బుర్రతో పనిలేకుండా పోయింది. ఈ పెట్టెకీ అలాంటి రెండు మీటలున్నాయి. మనిషి చనిపోయాక ఇంట్లోవాళ్లు వెనక్కిచ్చినప్పుడు వాడేవి అవి. ఆ రోజు మాణిక్యం గారితో కబుర్లు చెబుతూ చెబుతూ, బ్యాగులో పెట్టేముందు, పాత మెమొరీని కొత్త పెట్టెలోకి ఎక్కించకుండానే, లోహిత ఆ రెండూ నొక్కింది. ఒక మనిషి నోటిని శత్రువుకి దొరక్కుండా భద్రంగా చెరిపేసింది. ఇంకోచోట కాపీ కూడా ఉండదు. ఎవరి గొంతు వాళ్ల పెట్టెలోనే ఉండాలని చట్టం.

మరి కొత్త పెట్టె అంత చక్కగా ఎలా మాట్లాడుతోంది? అది అడగడానికే డాక్టర్ అమృతవల్లి గారి దగ్గరికి వెళ్లింది. ఆ పెట్టెని తయారుచేసిన సైంటిస్టు ఆవిడే. మంచి మనిషి. ఎవరొచ్చినా కుర్చీ చూపించి కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

అదంతా కొత్త పెట్టెలో వేసిన కొత్త సాఫ్ట్‌వేర్ అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పూర్వం పెట్టె నేర్చుకునేదాకా పేషెంటు నోరులేకుండా పడుండేవాడట. ఇంట్లోవాళ్లు విసిగిపోయి పట్టీ తీసి అటకెక్కించేవాళ్లట. ఇప్పుడు మొదటిరోజు నుంచే మాట్లాడుతుంది. నరం వణికిందని తెలిసి, ఏమన్నాడో తెలియకపోతే, అలాంటప్పుడు మనుషులు మామూలుగా ఏమంటారో అదే అంటుంది. ఇంట్లో వినబడే మాటలు కూడా పట్టుకుని వాడుకుంటుంది.

“అంటే అవి వాళ్ల మాటలు కావు కదా మేడం.”

“మెల్లిగా వాళ్లవే అవుతాయమ్మా. తప్పు పలికితే ఇంట్లోవాళ్లు దిద్దుతారు.”

“దిద్దకపోతే?”

“తప్పనిపిస్తే ఎందుకు దిద్దరు?” అని ఆవిడ నవ్వింది. “ఏం, నీకు తెలిసిన ఇంట్లో ఏమన్నా అయిందా?”

చెయ్యెత్తాల్సిన క్షణం అదే. లోహితకి తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. ప్రొబేషను గుర్తొచ్చింది, జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలరు దగ్గర నిలబడే నాన్న గుర్తొచ్చాడు, అసలు పని ఏమన్నా చేశావా అన్న పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఏం లేదు మేడం, ఊరికే అడిగాను అంది. మాట ఉన్న మనిషే అలా అంది.

మర్నాడు సాయంత్రం బ్యాటరీ చూడాలని అబద్ధమాడి వీర్రాజు గారింటికి వెళ్లింది. మాణిక్యం గారికి నిజం చెప్పేద్దామనే వెళ్లింది. తలుపు తీసిన ఆవిణ్ణి చూసి గుర్తుపట్టలేకపోయింది. బీరువాలోంచి తీసిన పట్టుచీర, జడలో మల్లెలు. ఈ రంగు నీకు బాగుంటుందని ఆయనే అన్నారట. ఆ ముక్క చెబుతున్నప్పుడు ఆవిడ మొహం పెళ్లికూతురి మొహంలా ఉంది.

మంచం దగ్గర కూర్చుని ఆవిడ చాలాసేపు చెప్పుకుంది. బస్సులో జనం మీద కోపమంతా ఇంటికి మోసుకొచ్చేవారట. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పుట్టింటివాళ్ల దాకా వదిలిపెట్టేవారు కాదట. రెండేళ్లు కూర్చుని తనే ఆ పెట్టెకి తిట్లు నేర్పుకుందట.

“నలభై ఏళ్లు తిట్టారమ్మా. ఇప్పటికి దేవుడు ఆయన నోట మంచిమాట పెట్టాడు. నువ్వు మార్చిన పెట్టె వేళావిశేషం. నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ” అని కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

లోహిత ఆ చెయ్యిని తిట్టుకుంటూనే, దాంతోనే వీర్రాజు గారి ఎడం చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి.

“బాబాయిగారూ, ఈ పెట్టె అంటున్న మాటలు మీవేనా? మీవైతే నొక్కండి.”

వేళ్లు కదల్లేదు.

“మీవి కావా?”

నొక్కాడు. అంత బలం ఆ వేళ్లలో ఎక్కడ దాచుకున్నాడో, లోహిత ఉంగరం వేలికి గుచ్చుకుంది.

తప్పు తనదేనని, ఆయన మాటలన్నీ తనే చెరిపేసిందని గొంతు తగ్గించి చెప్పింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “చాలా సంతోషం అమ్మా” అంది పెట్టె. ఆ మాట విని లోహితకి ఏడుపాగలేదు. కొంగుతో ఆయన కళ్లు తుడిచి, తన కళ్లు తుడుచుకుని, మిగతాది కూడా చెప్పేసింది. ఆ సాఫ్ట్‌వేర్ ఆపించి మొదటినుంచి నేర్పుకోవాలి. ఏళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా ఈ పాటి మాట కూడా ఉండదు.

“పిన్నిగారికి చెప్పెయ్యనా బాబాయిగారూ?”

వేళ్లు బిగుసుకున్నాయి. ఇంకా నొక్కలేదు. వంటింట్లో మాణిక్యం గారు ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆయన కళ్లు అటు తిరిగాయి. చాలాసేపు అటే ఉన్నాయి. తర్వాత లోహిత చేతిలో ఆయన వేళ్లు మెల్లిగా వదులైపోయాయి. అప్పుడు పెట్టె పలికింది.

“వద్దమ్మా. నలభై ఏళ్లు తిట్టాను. దాన్ని ఇలా ఉండనీ.”

ఆ మాట ఆయనదేనా? నలభై ఏళ్లన్న మాట ఇందాకే ఈ గదిలో వినబడింది. పెట్టె కూడా వింది. అది ఆయన మనసో, పెట్టె మర్యాదో ఎలా తెలుస్తుంది? ఇది మీ మాటేనా అని అడగబోయింది. ఈలోగా మాణిక్యం గారు కాఫీ తెచ్చి, మంచం అంచున కూర్చుని, ఆయన చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏమంటున్నారమ్మా మీ బాబాయి అని ముచ్చటగా అడిగింది. లోహిత ఏదో ఒకటి చెప్పి, కాఫీ గొంతులో పోసుకుని బయటపడింది. ఆవిడ ఆ చెయ్యి వదలనేలేదు.

వీధి మలుపులో బండి ఆపుకుని నిలబడిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఇప్పుడు వెనక్కి పోయింది. చెబితే ఆయన నోరు ఏ నాటికో ఆయనకొస్తుంది, ఆవిడ జడలో మల్లెలు మాత్రం రేపటికే వాడిపోతాయి. చెప్పకపోతే, నిజంగా వద్దన్నది ఆయనే అయితే సరే. కాకపోతే, బతికున్నంతకాలం ఒక మనిషి లోపల అరుస్తుంటే బయట బాగుందీ బాగుందీ అని వినబడుతూనే ఉంటుంది.

అడగడానికి ఎవరూ లేక లోహిత మిమ్మల్నే అడుగుతోంది. మీరైతే ఏం చేసేవాళ్లండీ? ఇప్పుడు నేనేం చెయ్యను?