వరహాలు దవడ

1980 ఫిబ్రవరి పదహారు... మధ్యాహ్నం మూడున్నర! సూర్యబింబాన్ని రాహువు కబళిస్తున్న ఘోర ఘడియ... గ్రహణానికి జడిసి విశాఖలో ఇళ్ల తలుపులన్నీ మూసుకున్నాయి. యారాడ కొండ గుహలో వేళ తప్పిన గుడ్లగూబ ఒకటి కూస్తోంది.

గుహలో కూర్చున్న కాసులమ్మ ఒడిలో కపాలం! ముందు పళ్ల మధ్య చిన్న గాడి... వల బాగుచేసేటప్పుడు నూలు కొరికి కొరికి పడిన గాడి అది. ఇంకెవరిదో అనుకోవడానికి లేదు. ఆమె మొగుడు వరహాలుదే.

నిరుడు ఇద్దరూ పోట్లాడుకున్న మర్నాడు అతను పలక్కుండా పడవెక్కాడు. పదకొండో రోజున శవమై ఒడ్డుకొచ్చాడు. ఇసుకలో పూడ్చిన ఆ శవం తలను తవ్వి తెచ్చినవాడు క్షుద్రోపాసకుడు జగ్గారావు. ఒకప్పుడు శవాలు కోసే గదిలో అటెండరు.

"ఒక్కపాలి నన్ను పేరెట్టి పిలిస్తే సాలు బాబూ," అంది కాసులమ్మ.

పలికిన కపాలం తనకు శాశ్వత బానిస అవుతుందని మాత్రం వాడు ఆమెకు చెప్పలేదు.

జగ్గారావు కపాలం మీద నెత్తురు చిలకరించాడు. హ్రీం... ఫట్! విడిగా ఉన్న కింది దవడ చెవుల ముందరి కీళ్లలో టక్కున కూర్చుంది. కణతల మీద విసనకర్రలా ఒక కండ పరుచుకుంది... చెంపల మీద మరొకటి ఉబ్బింది... లోపల ఇంకో జత పాకింది. నమిలే కండలన్నీ మొలిచాయి! కానీ నోరు ఖాళీ.

"నాలుక లేందే మాటెలాగొస్తాదే? నీది కావాల. సాపు!"

"కోసీయ్ బాబూ. మా బావ మాటాడితే నాకు మాటెందుకు?"

కళ్లు మూసుకుని నాలుక చాపింది. జగ్గారావు కత్తితో ఆమె మీదికి వంగాడు. కోతగదిలో శవాన్ని విప్పే వరుసే మొలిపించడానికీ వరుస అనుకున్నాడు మూర్ఖుడు... ముందు కండలు, తర్వాత నాలుక! కరవడానికి దవడకు నాలుకతో పనేముంది?

కపాలం ఎగిరింది! వాడి కంఠం పట్టింది!

"వదల్రా... ఒరే, వదల్రా!"

ఏ మంత్రమూ ఆ పళ్లను విడదీయలేకపోయింది. పెళ్లాం నాలుక మీదికి కత్తి వస్తే చచ్చినవాడైనా ఊరుకుంటాడా! జగ్గారావు ఒళ్లు చల్లబడ్డాకే కపాలం పట్టు వదిలి, దొర్లుకుంటూ ఆమె ఒడికి చేరింది.

"పిలవ్వా బావా... ఒక్కపాలి."

దవడ తెరుచుకుంది. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. శబ్దం లేదు. బయట గ్రహణం విడిచి వెలుగు తిరిగొస్తోంది, కండలు మైనంలా కరిగి జారుతున్నాయి. అయినా దవడ ఆగడం లేదు... ఖాళీ నోటితో ఆమె పేరు పలకాలని అల్లాడుతోంది!

కాసులమ్మ రెండు చేతులతో ఆ గడ్డం పట్టుకుని మెల్లగా మూసింది.

"సాల్లే బావా... నొప్పెడతాది. నాకు ఇనబడిందిలే."